వికీ పేజీలో అంకెల వరుస తెగకుండా మధ్యలో పట్టిక పెట్టడం ఎలా?

మాది నెల్లూరు జిల్లా కోవూరు. పెన్నా ఆయకట్టు రైతులం కొందరం కలిసి మొలగొలుకుల సాగుపై మీడియావికీలో (వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్) పేజీ రాసుకుంటున్నాం. ఈ వరి గురించి తెలిసిన పెద్దలు ఉండగానే అది పూర్తి కావాలని మా ఆరాటం.

నారుమడి నుంచి నూర్పిడి దాకా పనులను # గుర్తుతో వరుసగా రాశాం. మూడో పని కింద ఎరువుల పట్టిక పెట్టగానే నాలుగో పనికి మళ్లీ 1 పడుతోంది. మామూలు వివరమైతే #: తో రాస్తే వరుస నిలుస్తోంది. పట్టికకు మాత్రం {| గుర్తు కొత్త లైనులో మొదలవ్వాలి, వరుస అక్కడే తెగుతోంది.

హెచ్‌టీఎంఎల్ ట్యాగులతో రాస్తే కుదురుతుంది. కానీ పేజీని దిద్దేవాళ్లలో అరవై దాటినవాళ్లే ఎక్కువ, అదీ ఫోనులో. గుర్తులు తేలికగా ఉంటేనే వాళ్లు రాస్తారు, అది నాకు అన్నిటికన్నా ముఖ్యం.

మార్క్‌డౌన్‌కు మారమని ఒకరు సలహా ఇచ్చారు, అదీ తేలిక గుర్తులతో రాసే పద్ధతే. అందులో అంశం కింద ఖాళీలు వదిలి రాసినది ఆ అంశంలోనే ఉంటుంది. అయితే 2004లో జాన్ గ్రూబర్ విడుదల చేసిన అసలు మార్క్‌డౌన్‌లో పట్టికకు గుర్తులే లేవు, తరువాత ఎవరికి వారు చేర్చుకున్నారు. అంశం లోపల పట్టికను సరిగా చూపే వికీ ఏదైనా మీరు వాడుతున్నారా? లేక మీడియావికీలోనే ట్యాగులు లేని దారి ఉందా? ఉంటే ఒక చిన్న నమూనా రాసి చూపండి, దయచేసి.