పెద్దవాళ్ళతో లేహ్ ప్రయాణం: విమానంలో దిగాలా, రోడ్డు మీద ఎక్కాలా?

ఓరుగల్లు వాసి:

జూన్ రెండో వారంలో అమ్మానాన్నలను తీసుకుని లడఖ్‌లోని లేహ్‌కు వెళ్ళాలనుకుంటున్నాము. నాన్నగారికి అరవై ఆరేళ్ళు. బీపీకి రోజూ మాత్రలు వేసుకుంటారు, అది అదుపులోనే ఉంది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు తప్ప మరే ఇబ్బందీ లేదు. హైదరాబాదులో మేము మాట్లాడిన ట్రావెల్ ఏజెంటు, ఢిల్లీ నుంచి విమానంలో నేరుగా లేహ్‌లో దిగి, మర్నాడు పొద్దున్నే ఖర్దుంగ్ లా అనే ఎత్తైన కనుమ దాటి నుబ్రా లోయకు బయల్దేరే ప్యాకేజీ చూపిస్తున్నాడు. అటల్ సొరంగం వచ్చాక మనాలి దారి సులువైపోయిందనీ, కొండలు చూడ్డానికి వెళ్తూ మబ్బుల మీదుగా ఎగిరిపోవడమేమిటనీ మా బావమరిది అంటున్నాడు. శ్రీనగర్ దారే మేలని ఇంకొకరు చెప్పారు. ఖర్చు కూడా చూసుకోవాలి కానీ అదొక్కటే లెక్క కాదు. పది రోజుల సెలవు దొరుకుతుంది. ఏ దారి సబబో కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పొద్దుటి విమానం:

నా ఓటు విమానానికే, అయితే మీ ఏజెంటు చెప్పిన పద్ధతిలో మాత్రం కాదు. ఢిల్లీ నుంచి లేహ్‌కు సుమారు గంటన్నర ప్రయాణం. రోడ్డున ఎటు నుంచి వెళ్ళినా రెండు రోజులకు తక్కువ కాకుండా కారులో కుదేలవ్వాలి, మోకాళ్ళ నొప్పులున్నవారికి అది చిన్న విషయం కాదు. విమానంలో దిగినవారు మొదటి రెండు రోజులు ఎక్కడికీ తిరగకుండా, మెట్లెక్కకుండా, నీళ్ళు బాగా తాగుతూ గదిలోనే విశ్రాంతి తీసుకుంటే చాలామందికి తలనొప్పి, ఆయాసం వాటంతటవే సర్దుకుంటాయి. విమానాశ్రయంలో సామాను కోసం నిలబడినప్పుడు మైకులో చెప్పేది కూడా ఇదే.

రోడ్డు పక్షంవారు ఒక సంగతి మరచిపోతారు. ఆ ఎత్తు ఒంటికి పడకపోతే, లేహ్‌లో సోనమ్ నోర్బూ స్మారక ఆసుపత్రి ఊళ్ళోనే ఉంది, అక్కడి డాక్టర్లకు ఏటా వేసవిలో ఇటువంటి రోగులను చూడడం అలవాటే. అదే బాధ మనాలి దారిలో సర్చు అనే మజిలీలోని గుడారంలో నడిరాత్రి మొదలైతే ఎవరిని పిలవాలి?

సవారీ:

బావమరిదిగారి పక్షాన నేను మాట్లాడతాను. 2020 అక్టోబరులో ప్రారంభమైన అటల్ సొరంగం పొడవు తొమ్మిది కిలోమీటర్లే అయినా, అది రోహ్‌తాంగ్ కనుమ మీది ట్రాఫిక్ జామునూ, బురదనూ పూర్తిగా తప్పించింది. మనాలిలో టిఫిను చేసి బయల్దేరితే భోజనాల వేళకు కేలాంగ్ దాటి జిస్పా చేరవచ్చు. జిస్పా సుమారు 3,200 మీటర్ల ఎత్తున నది ఒడ్డున ఉన్న ఊరు, అక్కడ రెండు రాత్రులు ఉంటే ఒళ్ళు అలవాటు పడుతుంది. ఆ తరువాత వచ్చే గాటా లూప్స్ ఇరవై ఒక్క మలుపులు, మోరే మైదానం మనిషి జన్మలో ఒక్కసారైనా చూడవలసినవి.

కనుమదారి:

సవారీ గారు, మీరు చెప్పినవన్నీ నిజమే, కానీ జిస్పా దాటిన తరువాతి లెక్క మీరు చెప్పలేదు. సొరంగం తప్పించినది ఒక్క రోహ్‌తాంగ్‌ను మాత్రమే. దాని తరువాత బారాలాచా లా, నకీ లా, లాచుంగ్ లా, తంగ్‌లంగ్ లా అనే నాలుగు కనుమలు అలాగే ఉన్నాయి, వాటిలో చివరిది 5,300 మీటర్లు దాటుతుంది. మధ్యలో రాత్రి ఆగాలంటే సర్చు 4,300 మీటర్ల దరిదాపుల్లోనూ, పాంగ్ అంతకన్నా పైనా ఉన్నాయి. అంటే మీరు చేరబోయే లేహ్ కన్నా, అది ఉన్నది సుమారు 3,500 మీటర్ల మీద, ఎంతో ఎత్తున పడుకుని మళ్ళీ కిందికి దిగాలన్నమాట. సర్చులో ఆగకుండా జిస్పా నుంచి ఒక్క రోజులో లేహ్ చేరేవారూ ఉన్నారు, కానీ అది మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు కొండదారి, చీకటి పడేదాకా సాగుతుంది. మోటారు సైకిలు మీద వెళ్ళే పాతికేళ్ళవారికి అది సాహసం కావచ్చు, అరవై ఆరేళ్ళ మనిషిని వెనక సీట్లో కూర్చోబెట్టి చేయవలసిన పని కాదు.

పొద్దుటి విమానం గారి ఆసుపత్రి వాదనను నేను కొట్టిపారేయను, ఇంతవరకు వచ్చిన మాటల్లో బలమైనది అదే. అయితే అది జబ్బు చేశాక పనికివచ్చే వాదన. హైదరాబాదు సముద్రమట్టానికి ఐదు వందల మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది, ఢిల్లీ అందులో సగం కూడా లేదు. తెల్లవారుజామున ఢిల్లీలో విమానం ఎక్కినవారు కాఫీల వేళకు 3,500 మీటర్ల ఊళ్ళో ఉంటారు. అక్కడ పీల్చే ప్రతి శ్వాసలో ఒంటికి అందే ప్రాణవాయువు మన ఊళ్ళలో అందే దానిలో మూడింట రెండు వంతులే. మూడు వేల మీటర్లు దాటాక, ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ నడుమ పడుకునే చోటు ఐదు వందల మీటర్లకు మించి పెరగకూడదన్నది డాక్టర్లు సాధారణంగా చెప్పే నియమం. పగలు ఎంత ఎత్తు ఎక్కి దిగామన్నదానికన్నా రాత్రి ఎక్కడ పడుకున్నామన్నదే అందులో ముఖ్యం. విమానం ఆ నియమాన్ని తొలి రోజునే దాటేస్తుంది. రెండు రోజుల విశ్రాంతి ఆ తరువాత చేసే సర్దుబాటు.

శ్రీనగర్ దారి ఈ నియమానికి దగ్గరగా నడుస్తుంది. శ్రీనగర్ 1,600 మీటర్లు. అక్కడి నుంచి సోనమర్గ్ మీదుగా 3,528 మీటర్ల జోజీ లా ఎక్కి, ద్రాస్ దాటి, 2,700 మీటర్లకు కాస్త లోపు ఉన్న కార్గిల్‌లో రాత్రి ఆగుతారు. జోజీ లా మీద గడిపేది కొద్ది గంటలే కనుక ఆ ఎత్తుకు పెద్దగా భయపడనవసరం లేదు. మొత్తం దూరం సుమారు 420 కిలోమీటర్లు, కార్గిల్ దాదాపు సగం దూరంలో వస్తుంది.

అయితే ఈ దారిని పూలబాట అని నేను చెప్పను. సోనమర్గ్ సొరంగం 2025 జనవరిలో తెరిచారు కనుక ఆ ఊరిదాకా ప్రయాణం హాయిగా సాగుతుంది. దాని తరువాత ఉన్న జోజీ లా సొరంగం పని ఇంకా జరుగుతూనే ఉంది. అందువల్ల కనుమ మీదుగానే వెళ్ళాలి. జూన్‌లో అక్కడ రోడ్డుకు ఇరువైపులా మిగిలిన మంచుగోడలు కరిగి, ఆ నీరు చక్రాల కింద ముద్దముద్దగా మట్టితో కలుస్తుంది. ఎదురుగా ఆయిలు ట్యాంకరు వస్తే, లోయ వైపు ఉన్న బండి అద్దం మడుచుకుని అంగుళాల లెక్కన పక్కకు జరుగుతుంది. ఏ వేళకు ఏ వైపు బండ్లను వదలాలో ట్రాఫిక్ పోలీసులు నిర్ణయిస్తారు, కాబట్టి శ్రీనగర్‌లో ఆలస్యంగా లేచినవారు సోనమర్గ్‌లో గేటు ముందు గంటల తరబడి కూర్చోవలసి వస్తుంది. అమ్మగారికి మూత్రవిసర్జనకు ఇబ్బంది లేకుండా ఆ గేటుకు ముందే ఏదో ఒక హోటలులో ఆగండి. ఇది ఏ ప్యాకేజీ కాగితంలోనూ రాయరు.

పొద్దుటి విమానం:

మీ లెక్కలోనే ఒక చిక్కు ఉంది. కార్గిల్ 2,700 మీటర్లు, లేహ్ 3,500 మీటర్లు. ఒక్క రాత్రిలో ఎనిమిది వందల మీటర్లు పెరిగింది కదా! మీరు చెప్పిన ఐదు వందల నియమం అక్కడే తప్పింది.

కనుమదారి:

సరిగ్గా పట్టుకున్నారు. అందుకే కార్గిల్ నుంచి నేరుగా లేహ్ చేరమని నేను చెప్పను. దారిలో 4,100 మీటర్ల ఫోటు లా దాటి, లామాయూరు దిగాక, సింధు నది ఒడ్డున అల్చి ఉంది. అది ఇంచుమించు 3,100 మీటర్లు. వందల ఏళ్ళనాటి గోడచిత్రాలున్న బౌద్ధ మందిరాలు అక్కడున్నాయి, పెద్దగా మెట్లెక్కకుండానే చూడవచ్చు. ఆప్రికాట్ తోటల మధ్య ఒకటి రెండు రాత్రులు ఉంటే అటు విశ్రాంతి, ఇటు అలవాటు రెండూ జరుగుతాయి. అక్కడి నుంచి లేహ్‌కు పూట ప్రయాణమే.

రాజధాని నివాసి:

ఖర్చు, రైలు గురించి నాలుగు మాటలు. 2025 జూన్ 6న కట్రా నుంచి శ్రీనగర్‌కు వందే భారత్ రైలు మొదలైంది. చీనాబ్ నదికి 359 మీటర్ల పైన కట్టిన వంతెన మీదుగా వెళ్ళే ఆ ప్రయాణం ఇంచుమించు మూడు గంటలే. కన్యాకుమారి నుంచి విజయవాడ మీదుగా కట్రాకు వెళ్ళే హిమసాగర్ ఎక్స్‌ప్రెస్ వారానికి ఒక్కసారే ఉంటుంది, పైగా రెండు రాత్రుల పైన పడుతుంది. పది రోజుల్లో అది కుదరదు. కాబట్టి శ్రీనగర్ దాకా విమానం, అక్కడి నుంచి కారు అన్నది మధ్యేమార్గం. శ్రీనగర్ టాక్సీ మిమ్మల్ని లేహ్‌లో దించుతుంది కానీ ఆ బండిలోనే నుబ్రా, పాంగాంగ్ సరస్సు తిరుగుతామంటే స్థానిక టాక్సీ యూనియన్లు ఒప్పుకోవు, అక్కడ మరో బండి మాట్లాడుకోవాలి. ఆ ఖర్చు ముందే కలుపుకోండి. మన ప్రీపెయిడ్ సిమ్ములు అటు పనిచేయవు, కనీసం ఒకరికైనా పోస్టుపెయిడ్ ఉండాలి.

ఇకపోతే అందరూ మనసులో పెట్టుకుని పైకి అనని మాట ఒకటుంది. 2025 ఏప్రిల్ 22న పహల్‌గామ్‌లో జరిగిన దాడి తరువాత పెద్దవాళ్ళను కశ్మీరు మీదుగా తీసుకువెళ్ళడానికి ఎవరికైనా జంకు ఉంటుంది. ఆ రోజు చనిపోయినవారిలో మన తెలుగువారూ ఉన్నారు. నేను మా ఇంట్లోవారికైతే విమానమే చెబుతాను.

కనుమదారి:

ఆ జంకును నేను తేలిక చేయను. దాన్ని ఎంత లెక్కలోకి తీసుకోవాలో ఎవరింటివారు వారే తేల్చుకోవాలి. అయితే విమానం ఎక్కితే ఆ చింత తీరిపోతుందన్నది కూడా నిజం కాదు. అదే ఏడాది మే నెలలో సైనిక ఘర్షణ సమయంలో శ్రీనగర్‌తో పాటు లేహ్ విమానాశ్రయాన్ని కూడా కొన్నాళ్ళు మూశారు. సెప్టెంబరు 24న లేహ్ ఊళ్ళోనే అల్లర్లు జరిగి నలుగురు చనిపోయారు, కర్ఫ్యూ పెట్టారు. ఏ దారిన వెళ్ళినా బయల్దేరే వారంలో పరిస్థితి చూసుకుని, డబ్బు తిరిగి వచ్చే టికెట్లే కొనడం మంచిది.

తిరుగు ప్రయాణానికి మాత్రం నేనూ విమానం పక్షమే. దిగేటప్పుడు ఒంటికి ఆ చిక్కు లేదు. కాకపోతే లేహ్ రన్‌వేకు చుట్టూ కొండలు. విమానాలు ఒక వైపు నుంచే దిగి, ఎదురు వైపే ఎగరవలసి ఉంటుంది. మధ్యాహ్నం గాలులు ముదురుతాయి కనుక రాకపోకలు ఎక్కువగా పొద్దుటి పూటే. పైగా ఆ ఎత్తున గాలి పలచన, ఎండ పెరిగితే మరింత పలచబడి విమానం తగినంత బరువుతో ఎగరలేదు. 2024 జూలై చివర్లో వేడి మూలంగానే కొన్ని విమానాలు రద్దయ్యాయి. అందుచేత ఢిల్లీలో అదే సాయంత్రం హైదరాబాదు విమానం పట్టుకోవాలని టికెట్లు తీయకండి, నడుమ ఒక రోజు వదలండి.

ఓరుగల్లు వాసి:

అందరికీ ధన్యవాదాలు. శ్రీనగర్‌కు విమానం, కార్గిల్‌లో ఒక రాత్రి, అల్చిలో రెండు రాత్రులు, ఆ తరువాత లేహ్, తిరుగు ప్రయాణం విమానంలో అని అనుకుంటున్నాము. మా బావమరిది అలిగాడు, వేరే సంవత్సరం మనాలి దారిన తనతో వస్తానని చెప్పి ఒప్పించాను. ఏజెంటు మాత్రం లేహ్ చేరిన మర్నాడే ఖర్దుంగ్ లా అని ఇంకా పట్టుబడుతున్నాడు. అల్చిలో అలవాటు పడ్డాక వెళ్తే ఫరవాలేదా?

పొద్దుటి విమానం:

అల్చిలో రెండు రాత్రులు ఉంటారన్నప్పుడు రోడ్డు మీద నాకున్న అభ్యంతరం చాలావరకు తీరింది. ఖర్దుంగ్ లా విషయంలో మాత్రం ఒప్పుకోను. అక్కడి పాత బోర్డు మీద 18,380 అడుగులని రాసి ఉంటుంది. అసలు ఎత్తు 5,359 మీటర్లు, అంటే బోర్డు చెప్పేదానికి ఎనిమిది వందల అడుగులు తక్కువ. తక్కువే అయినా, లేహ్‌లో ఒక్క రాత్రి పడుకున్న మనిషిని అక్కడికి ఎక్కించడం తొందరపాటే. లేహ్‌లో కనీసం రెండు రాత్రులు ఉండి, షే, థిక్సే మఠాలు నెమ్మదిగా చూసి, ఆ తరువాతే బయల్దేరండి. పైన ఫోటోకు ఐదు పది నిమిషాలు చాలు, టీ తాగుతూ గంట కూర్చోవద్దు. ఎక్కే ముందు నాన్నగారికి తలనొప్పి, వాంతి, తూలుడు ఏది ఉన్నా ఆ రోజు ప్రయాణం మానుకోవాలి. ఇక ఎత్తు ఒంటికి పడేందుకని అందరూ చెప్పుకునే అసిటజోలమైడ్ మాత్ర మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేది కాదు. ఆయన బీపీ మందుల్లో నీరు పోయే మాత్ర ఉందేమో, సల్ఫా మందులు పడతాయో లేదో చూడాలి కనుక, వరంగల్‌లో ఆయనను చూసే డాక్టరు దగ్గరికే ఆ మందుల చీటీ తీసుకువెళ్ళి అడగండి.