సొంతిల్లు: మెటీరియల్ మనమే కొనాలా, మొత్తం కాంట్రాక్టుకి ఇచ్చేయాలా?

మామిడితోట
ఖమ్మంలో 200 గజాల స్థలం ఉంది. కింద, పైన కలిపి 2,400 చదరపు అడుగులు కట్టాలని అనుకుంటున్నాం. ఒక కాంట్రాక్టర్ మెటీరియల్‌తో సహా అడుగుకి 1,900 చెప్పాడు, అంటే 45 లక్షల 60 వేలు. ఇంకో మేస్త్రి లేబర్ వరకే 380కి చేస్తానంటున్నాడు. సిమెంటు, ఇసుక, ఐరన్, ఇటుక మనమే తెచ్చిపెట్టాలి. నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం, నాన్నగారు ఊళ్లోనే ఉంటారు. ఖర్చు చేయి దాటకుండా ఉండాలంటే ఏది మేలు?

పాతకాపు
లేబర్‌కే ఇవ్వండి, రెండో మాట లేదు. మేం మొదట మెటీరియల్‌తో సహా ఇచ్చాం. డ్రాయింగ్‌లో పిల్లర్లకి 12 ఎంఎం రాడ్ ఉంటే వాడు 10 ఎంఎం కట్టాడు. అడిగితే "ఏం కాదు సార్, పైన ఇంకో ఫ్లోర్ వేసినా ఆగుద్ది" అన్నాడు. వాణ్ణి పంపేసి మిగతాదంతా మేమే కొని కట్టించుకున్నాం. తేలిగ్గా ఐదు లక్షలు మిగిలాయి.

కొలతబద్ద
సివిల్ ఇంజినీర్‌ని, కాంట్రాక్టర్‌ని కాదు. 12 బదులు 10 వేస్తే ఉక్కు 30 శాతం తగ్గిపోతుంది, అది దారుణమే. కానీ కాంక్రీటు పోసేముందు కమ్మీ కట్టింది ఎవరు చూశారు? చూసేవాడు లేకపోతే లేబర్ కాంట్రాక్టులోనూ అదే జరుగుతుంది.
మామిడితోట గారూ, ఆ 1,900లో ఏమున్నాయో ముందు కాగితం మీద రాయించుకోండి. సంప్, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, బోరు, గేటు, ఎలివేషన్ (ఇంటి ముందువైపు డిజైన్ పని) అందులో ఉన్నాయా? అడుగులు లెక్కేసేది స్లాబు కొలత ప్రకారమా? సజ్జాలు, మెట్ల మీద హెడ్‌రూమ్ కూడా కలుపుతాడా? టైల్స్ అడుగు 60 రూపాయల వరకు అని రాసుకుంటారు. షాపుకెళ్లాక ఇంట్లోవాళ్లకి 110 రకం నచ్చుతుంది, ఆ తేడా మీ నెత్తిమీదే. బడ్జెట్ తప్పేది ఇలాంటి చోట్ల. సిమెంటు బస్తాల దగ్గర కాదు.

గట్టుమీదపిట్ట
ఆ 1,900 ఎప్పుడు చెప్పిన రేటు? 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పాత రేటే అయితే బేరమాడండి.

పాతకాపు
టైల్స్ సంగతి తర్వాత, ఐరన్ గురించి చెప్పండి. 12 ఎంఎం రాడ్ 12 మీటర్లది 10.67 కిలోలు ఉండాలి. ఆ కాంట్రాక్టర్ దింపినవాటిలో 12 ఎంఎం కూడా కొన్ని ఉన్నాయి, ఒక్కొక్కటీ 10.2 తూగింది. ఇది మోసం కాదా?

కొలతబద్ద
కాదు. ఎంఎంల్లో వ్యాసాన్ని దానితోనే హెచ్చవేసి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది, మీ 10.67 సరైనదే. కానీ కమ్మీలకి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం ఈ సైజుకి 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. 10.2 ఆ లోపే.

పాతకాపు
చూశారా, రూల్స్‌లోనే సందు పెట్టుకున్నారు! నేను డబ్బు కట్టేది 10.67కి, ఇంటికొచ్చేది 10.2.

కొలతబద్ద
ఐరన్ కిలోల్లో కొంటారు కదండీ, రాడ్లు లెక్కపెట్టి కాదు. వేబ్రిడ్జి చీటీ ఎంత ఉంటే అంతకే డబ్బు కట్టేది.

రెండోఅంతస్తు
ఇద్దరూ రాడ్డు దిగి కిందికి రండి బాబూ 😀

పాతకాపు
మీలాంటి ఇంజినీర్లకి కాంట్రాక్టర్ దగ్గర కమీషన్ ఉంటుందని అందరికీ తెలుసు.

కొలతబద్ద
ఆ మాటకొస్తే నేనూ ఒకటి అడుగుతా. ఐదు లక్షలు మిగిలాయన్నారు. లారీ వస్తే రాత్రి పదింటికి లేచి ఇసుక దింపించిందెవరు? పొద్దున్నే గోడలకి నీళ్లు కొట్టిందెవరు? మేస్త్రి రాకపోతే వాడి ఇంటికెళ్లి పిలుచుకొచ్చిందెవరు? ఆ మనిషి జీతం మీ ఐదు లక్షల్లోంచి తీసేశారా?

పాతకాపు
మా నాన్న. అయితే ఏంటి? రిటైరయ్యారు, ఖాళీగానే ఉన్నారు, ఇష్టంగా చేశారు. కన్నవాళ్లకి జీతం లెక్కేసే సంస్కారం మాది కాదు. మా నాన్న జోలికి రావద్దు.

సత్తుపల్లికోడలు
ఇన్నాళ్లూ చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు, ఈ "ఖాళీగా ఉన్నారు" చూసి రాస్తున్నా. మా ఆయన కూడా అందరికీ "మేమే మెటీరియల్ కొని మిగుల్చుకున్నాం" అని చెప్తారు. ఆ "మేము"లో ఉన్నది నేనొక్కదాన్నే. పీపీసీ సిమెంటుకి (బూడిద లాంటివి కలిపిన రకం) కనీసం పది రోజులు తడి ఆరకూడదంటారు కదా, స్లాబు మీద మడులు కట్టి మూడుపూటలా నీళ్లు నింపింది నేను. పాపని స్కూల్లో దింపి, కూలీలకి టీ పెట్టి, ఇటుక లోడు లెక్కపెట్టుకున్నది నేను. ఇంటి ఖర్చు పుస్తకంలో టీపొడి కూడా రాశారు. నా పేరు ఎక్కడా లేదు.

రెండోఅంతస్తు
🙏

మామిడితోట
నేను అడగాల్సింది ఇదేననుకుంటా. నాన్నగారికి 68, మోకాళ్ల నొప్పులు. కాంట్రాక్టుకి ఇద్దామంటే "నేనున్నాగా, ఎందుకు దండగ" అంటున్నారు. వద్దంటే నొచ్చుకుంటారు. ఎండాకాలంలో ఆయన్ని సైట్ దగ్గర నిలబెట్టి నేనిక్కడ ఏసీలో కూర్చోవడం నావల్ల కాదు. మొత్తం కాంట్రాక్టుకే ఇస్తే డబ్బులు ఎలా కట్టాలో చెప్పండి.

కొలతబద్ద
పని ముందు, డబ్బు వెనక. పునాదులు, ప్లింత్ బీము (గోడల అడుగున పోసే బీము), కింది స్లాబు, పై స్లాబు, గోడలు, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్ అని విడదీసి, ఒక్కోటి పూర్తయ్యాక దాని వాటా ఇవ్వండి. మొదటి అడ్వాన్సు చిన్నగా ఉండాలి. చివర ఐదు శాతం ఆపి, ఒక వాన పడి లీకులు లేవని చూశాక ఇవ్వండి. కాంట్రాక్టర్‌తో సంబంధం లేని ఇంజినీర్‌కి విజిట్‌కి ఇంత అని ఫీజు ఇచ్చి, ప్రతి కాంక్రీటుకి ముందు కమ్మీ చూపించండి. నాన్నగారు సాయంత్రం చల్లబడ్డాక వచ్చి చూసుకుని వెళ్తారు.

పాతకాపు
ఇంజినీర్‌కి ఫీజు పెట్టండి, కాదనను. కాంట్రాక్టుకే ఇచ్చుకోండి. ఐరన్ మాత్రం అందులోంచి తీయించి మీరే కొనండి. తూకం వేయించాకే దింపించుకోండి.