తిరుపతిలో హాలోవీన్: గుమ్మడికాయ దీపం, షాపింగ్ ఒకే రోజు కుదురుతాయా?

అక్టోబర్ 31న, హాలోవీన్ (అమెరికాలో దయ్యాల వేషాలు వేసుకునే పండగ) రోజున, అక్కడి నుంచి స్నేహితురాలి కుటుంబం వస్తోంది. పిల్లలకు గుమ్మడికాయ దీపం (కాయని తొలిచి, ముఖం చెక్కి, లోపల దీపం పెట్టేది) కావాలట, పెద్దలకు షాపింగ్. ముందు ఏది పెట్టుకోవాలి?

జవాబు 1:
పొద్దున షాపింగ్, సాయంత్రం చెక్కడం. మన ఎండకి, ఉక్కకి కోసిన కాయ ఒకటి రెండు రోజుల్లోనే బూజు పడుతుంది, ముందే చెక్కి పెట్టకండి. దిష్టికి కట్టే బూడిద గుమ్మడి వద్దు, తియ్య గుమ్మడి తీసుకోండి. మూడు నాలుగు కిలోలది, అడుగు చదునుగా ఉన్నది చూడండి. పైభాగాన్ని మూతలా కోసేటప్పుడు కత్తిని ఏటవాలుగా పెట్టాలి. నిలువుగా కోస్తే లోపలికి జారిపోతుంది. గరిటెతో గోకి, ముఖం చెక్కే వైపు గోడ అంగుళం మందం మిగల్చండి. అంతకంటే లావుంటే కత్తి తిరగదు, మరీ పలచనైతే చెక్కిన ముఖం పళ్ళు విరుగుతాయి. గింజలు పారేయకండి, కడిగి ఆరబెట్టి వేయిస్తే బాగుంటాయి.

జవాబు 2:
ఇంట్లో పెద్దవాళ్ళుంటే ముందే అడగండి. చాలా ఇళ్ళలో నిండు గుమ్మడికాయకి ఆడవాళ్ళు మొదటి కత్తి పెట్టరు. మగవాళ్ళతో ఒక గాటు పెట్టిస్తే గొడవ ఉండదు. కొవ్వొత్తి కన్నా బ్యాటరీ దీపం మేలు. కొవ్వొత్తే పెడితే మూతకి పొగ పోయే కంత చేయండి.

జవాబు 3:
షాపింగ్‌కి గాంధీ రోడ్డు నడిచే తిరగండి, కారు ఇరుక్కుంటుంది. కలంకారీ కొంటే అడిగి కొనండి: శ్రీకాళహస్తిది కలంతో చేత్తో గీసేది, అచ్చులతో అద్దేది మచిలీపట్నం పద్ధతి. ఈశాన్య రుతుపవనాల కాలం, గొడుగు మరవద్దు.