అప్‌డేట్: ఎత్తుకుంటే తప్ప ఊరుకోని 5 నెలల పాప

ఇంట్లో వేరేవాళ్ల పిల్లల్ని నలుగురిని చూసుకుంటూ, దించగానే గుక్కపట్టి ఏడ్చే పాపతో ఎలా అని అడిగాను కదా. ఇప్పుడు చాలా నయం. మీరు చెప్పినవాటిలో ఎక్కువ పనిచేసింది నిద్ర వేళ. ఈ వయసులో మరీ ఎక్కువసేపు మేలుకుంటే అలసిపోయి, నిద్ర పట్టక ఇంకా ఏడుస్తారు. అందుకే గంటా ముప్పావు కాగానే, కళ్లు నులుముకోకముందే, కర్టెన్ వేసి పడుకోబెడుతున్నాను.

రెండోది సీసా. తల్లిపాలకు అలవాటైన పిల్ల. పడుకోబెట్టి పడితే పాలు ధారగా వచ్చి పొలమారేది. ఇప్పుడు ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, పాలు నెమ్మదిగా వచ్చే స్లో ఫ్లో నిపుల్‌తో, సీసా అడ్డంగా పట్టి, నాలుగైదు గుక్కలకోసారి ఆపుతున్నాను. వాళ్లమ్మ కట్టి విడిచిన నూలు చీర ముక్క నా భుజం మీద ఉంటుంది, ఆ వాసనకి మెత్తబడుతుంది. పడుకునే చోట మాత్రం ఏ గుడ్డా ఉంచను, ముక్కుకి అడ్డం పడుతుంది. వెల్లకిలా, గట్టి పరుపు మీద, అంతే.

గ్రైప్ వాటర్ పట్టమన్నవాళ్లకి: 6 నెలలలోపు పాలు, డాక్టర్ రాసిన మందు తప్ప ఏదీ వద్దండీ.

ఓపిక నశిస్తే తొట్టిలో వేసి 5 నిమిషాలు పక్కగదిలోకి వెళ్లడం తప్పు కాదు. పట్టుకుని కుదిపేయడం మాత్రం ప్రాణాంతకం. 100.4 జ్వరం, తడి డైపర్లు తగ్గడం, ఆకుపచ్చ వాంతి, వీటిలో ఏది కనిపించినా వెంటనే తల్లికి ఫోన్, డాక్టర్ దగ్గరికి.