‘ఏకీభవించను’లో ఆ దీర్ఘం

తలకట్టు:
రెండ్రోజులుగా ఒక వాక్యం బుర్ర తినేస్తోంది. వక్తృత్వ పోటీలకి బట్టీ పట్టించేవాళ్ళు, ఫ్రెంచి రచయిత వోల్టేర్ అన్నాడని. “నీ మాటతో నేను ఏకిభవించను, కానీ ఆ మాట అనే నీ హక్కు కోసం...” తర్వాత “చచ్చేదాకా పోరాడతాను” అనా, “ప్రాణాలైనా ఒడ్డుతాను” అనా? ఇస్లాం మీద విమర్శ ఎక్కడ ఆగుతుంది, ముస్లింల మీద ద్వేషం ఎక్కడ మొదలవుతుంది అని ఒక వ్యాసం రాస్తున్నా. దీంతోనే ఎత్తుకుందామని. సరైన పాఠం ఎవరికైనా గుర్తుందా?

అరసున్న:
“చచ్చేదాకా” వద్దండీ. ఎవరు చచ్చేదాకా? “నువ్వు చచ్చేదాకా” అని చదువుకునే మహానుభావులుంటారు. “ఒడ్డుతాను” బాగుంది.

వట్రుసుడి:
ముందు వోల్టేర్‌ని వదిలేయండి. ఆ మాట ఆయనది కాదని ఈ గుంపులోనే ఎన్నిసార్లు తేల్చాం! రాసింది ఈవిలిన్ బియాట్రిస్ హాల్ అనే ఆంగ్ల రచయిత్రి, 1906లో, టాలెంటైర్ అనే కలం పేరుతో. హెల్వేషియస్ అనే ఫ్రెంచి తత్వవేత్త పుస్తకాన్ని తగలబెట్టిన సందర్భంలో వోల్టేర్ వైఖరి ఇదీ అని తన మాటల్లో చెప్పింది. చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టడంతో వచ్చింది తంటా. ఇంకో సంగతి, అక్కడున్న క్రియ ‘డిసప్రూవ్’, అంటే తప్పుపట్టడం. ‘డిసగ్రీ’ కాదు. మన అనువాదకుడెవరో జారాడు.

తలకట్టు:
రెంటికీ అంత తేడా ఉందా మాస్టారూ?

వట్రుసుడి:
లేకపోతే మీ వ్యాసమే లేదు. “ఖురాన్‌లో ఫలానా వాక్యం ఈ కాలానికి పనికిరాదు” అన్నవాడితో ఏకీభవించొచ్చు, మానొచ్చు. అది అభిప్రాయం, దానికి జవాబు ఉంటుంది. “వాళ్ళందరూ అంతే, ఇల్లు అద్దెకివ్వకండి” అన్నవాడితో ‘ఏకీభవించను’ అంటే అర్థమేంటి? వాడేదో సిద్ధాంతం చర్చకి పెట్టినట్టూ, మనం మర్యాదగా పక్కకి తప్పుకున్నట్టూ ఉంటుంది. అక్కడ కావాల్సింది ‘గర్హిస్తాను’.

అరసున్న:
‘గర్హిస్తాను’ అంటే పత్రికా ప్రకటన వాసనొస్తుంది. ‘నీ మాట నాకు గిట్టదు’ అనండి, పోతుంది.

గుడిదీర్ఘం:
తలకట్టు గారూ, మీరు ‘ఏకిభవించను’ అని హ్రస్వం పెట్టారు. ఎవరూ పట్టించుకోలేదు, ఆశ్చర్యం. హ్రస్వం పెడితే అది ‘ఏకు’ అవుతుంది, దూది ఏకినట్టు. (ఇలాంటి చర్చల్లో చాలామంది చేసేది అదే అనుకోండి, ఎదుటివాణ్ణి ఏకి పారేయడం.) ఆ దీర్ఘం ఊరికే రాలేదు. సంస్కృతంలోని చ్వి ప్రత్యయం. అంతకుముందు కానిది అలా అవడం. అంటే ‘ఏకీభవించను’ అన్నవాడు చెప్పేది ఒక్కటే, “మనం ఇద్దరం, ఒకటి కాము”. మంచీ చెడ్డా జోలికి పోడు. నన్నడిగితే ఆ వాక్యానికి అదే సరైన క్రియ. హక్కు గురించి మాట్లాడేటప్పుడు తీర్పు ఎందుకు?

అరసున్న:
చ్వి గురించి మీరు ‘ధ్రువీకరణ’ చర్చలోనూ చెప్పారు, ‘శుద్ధీకరణ’ చర్చలోనూ చెప్పారు.

గుడిదీర్ఘం:
చెప్తాను, ఎవరూ వినడం లేదు కాబట్టి. ‘ఇస్లామీకరణ’ చూడండి, అదే దీర్ఘం. పాకిస్తాన్‌లో జియా ఉల్ హక్ 1979లో హుదూద్ ఆర్డినెన్సులు, అంటే ఇస్లామిక్ శిక్షల చట్టాలు, తెచ్చాడు. అక్కడ ఆ మాట అతికినట్టు సరిపోతుంది, చేసినవాడున్నాడు, చేసిన పనుంది. అదే మాటని వీధి చివర నలుగురు బురఖా ఆడవాళ్ళు కనిపించగానే వాడితే? చేసేదెవరు, దేన్ని? ‘కరణ’ ఉంది, కర్త లేడు. వ్యాకరణం తెలిసినవాడు అక్కడే ఆగిపోవాలి.

పొల్లు:
గుడిదీర్ఘం గారూ, వ్యాకరణం తెలిసినవాళ్ళలో ద్వేషం లేదా ఏమిటి, బలేవారే. నాకు అసలు ఇబ్బంది ‘ఇస్లామోఫోబియా’తో. ‘ఇస్లాం భీతి’ అని రాస్తున్నారు. భీతి అనగానే భయపడేవాడి మీద జాలి పుడుతుంది. 1997లో బ్రిటన్‌లోని రన్నీమీడ్ ట్రస్ట్ నివేదికతో ఆ మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. అప్పట్నుంచీ ఇటు ద్వేషం వెళ్ళగక్కేవాడూ “భయం సహజమే కదా” అంటాడు, అటు ఏ విమర్శ నచ్చకపోయినా “నువ్వు ఫోబియావి” అనేవాడూ ఉన్నాడు. ‘ముస్లిం ద్వేషం’ అంటే తేలిపోతుంది. మతం పేరు కాదు, మనుషుల పేరు పెట్టాలి.

వట్రుసుడి:
ఇది బాగుంది. ఐక్యరాజ్యసమితిలోనూ ఇదే గొడవ నడిచింది. ‘మతాల పరువు తీయడం’ తప్పని ఏళ్ళ తరబడి తీర్మానాలు నెగ్గాయి. 2011లో మానవ హక్కుల మండలి 16/18 తీర్మానంలో ఆ మాట వదిలేసి, మనుషుల మీద వివక్ష, హింసకి రెచ్చగొట్టడం వైపు తిరిగారు. పరువు మనిషికి ఉంటుంది, మతానికి పరువేమిటి?

పొల్లు:
మళ్ళీ వోల్టేర్ దగ్గరికి వస్తా, క్షమించాలి. ఆయన ప్రవక్త మీదే నాటకం రాశాడు. 1741లో ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో ఆడారు, మరుసటేడు పారిస్‌లో కొన్ని ప్రదర్శనలకే ఆపుకోవాల్సి వచ్చింది. ఆపించింది ముస్లింలు కాదు. పేరు ఇస్లాందైనా దెబ్బ మనకే అని క్రైస్తవ ఛాందసులకి అనుమానం వచ్చింది. ఆ తర్వాత ఆయన ఆ నాటకాన్ని ఏకంగా పోపుకే అంకితం ఇచ్చాడు! పక్కవాడి మతం మీద పెట్టి సొంత ఇంటివాళ్ళని తిట్టడం. అది విమర్శా, పక్కవాడికి అన్యాయమా?

అరసున్న:
రెండూనూ. తిట్టదల్చుకుంటే సొంత పేరు పెట్టి తిట్టాలి.

వట్రుసుడి:
దీనికి సరిగ్గా ఎదురు జాషువా. ‘ఫిర్దౌసి’ చదవండి. క్రైస్తవుడు, అంటరానితనం అనుభవించినవాడు, పారశీక ముస్లిం కవి బాధని తన బాధగా పాడాడు. పద్యానికో బంగారు నాణెం ఇస్తానన్న గజనీ సుల్తాను వెండి నాణేలు పంపిన కథ.

గుడిదీర్ఘం:
‘ఫిరదౌసి’ మాస్టారూ. 1932. రకారానికి కింద ఒత్తు లేదు, ఛందస్సు కూడా చూసుకోవాలి.

వట్రుసుడి:
సరే, ‘ఫిరదౌసి’. నా ఉద్దేశం అది కాదు. పాతకాలపు పారశీక రచయిత నిజామీ అరూజీ చెప్పిన కథలో ఆ బంగారం విలువకి నీలిమందు చివరికి వస్తుంది, కానీ ఒక ద్వారంలోంచి ఒంటెలు లోపలికొస్తుంటే ఇంకో ద్వారంలోంచి కవి శవం బయటికి వెళ్తుంటుంది. ఆ శవాన్ని కూడా ముస్లింల శ్మశానంలో పెట్టనివ్వనని ఒక మతపెద్ద అడ్డుపడతాడు, “వీడు రాఫిజీ” అని, అంటే షియా అని తిట్టి. సొంత తోటలో పాతిపెట్టారు. సుల్తానూ ముస్లిమే, కవీ ముస్లిమే, అడ్డుపడ్డవాడూ ముస్లిమే. “వాళ్ళందరూ అంతే” అనేవాళ్ళు ఇందులో ఎవర్ని ‘వాళ్ళు’ అంటారో చెప్పమనండి.

అరసున్న:
మీరు ఏ చర్చ మొదలుపెట్టినా జాషువా దగ్గర తేలుతుంది. నాకు ‘గబ్బిలం’ ముందు ‘ఫిరదౌసి’ ఆనదు.

వట్రుసుడి:
ఆనదా! రేపు విడిగా మొదలుపెడతాను, అక్కడికి రండి.

తలకట్టు:
అయ్యా, వ్యాసం రేపు పొద్దున్నే పంపాలి. క్రియ ఏది పెట్టమంటారు? ఏకీభవించనా, గర్హిస్తానా, గిట్టదా? దీర్ఘం మాత్రం సరిచేశాను.

పొల్లు:
క్రియ సంగతి వాళ్ళు చూసుకుంటారు. రెండో సగంలో ‘ఒడ్డుతాను’ పెడుతున్నారుగా, ఒక మనవి. ‘ప్రాణాలు ఒడ్డుతాను’ అన్నారే కానీ ఎవరి ప్రాణాలో చెప్పలేదు. ధర్మరాజు తనకంటే ముందు తమ్ముళ్ళని ఒడ్డాడు.

అరసున్న:
నేను “చచ్చేదాకా” దగ్గర మొదట అడిగిందీ అదే కదండీ.

గుడిదీర్ఘం:
మీరు అడిగింది సర్వనామం లోపం. ఇది వేరు.