ఫ్రంట్ లోడ్ వాషర్, డ్రయ్యర్: విడివిడిగా కొనాలా, రెండూ కలిసిందా?

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ మాది, ఇంట్లో నలుగురం. వానాకాలంలో యుటిలిటీలో ఆరేసిన జీన్స్ రెండ్రోజులైనా నడుము దగ్గర తడి పోదు, పైగా ముక్క వాసన. అందుకే ఈసారి డ్రయ్యర్ కూడా తీసుకుందామని.

రెండూ కలిసిన మెషిన్‌కి చోటు తక్కువ పడుతుంది, నిజమే, కానీ 8 కిలోలు ఉతికి 5 కిలోలే ఆరబెడుతుందట, అంటే మూడు కిలోల బట్టలు మధ్యలో బయటికి తీయాలి, ఆరబెట్టేంతసేపూ ఇంకో విడత ఉతకడానికి లేదు. నాకైతే అది నచ్చట్లేదు. విడిగా కొని, స్టాకింగ్ కిట్‌తో వాషర్ మీద డ్రయ్యర్ ఎక్కిద్దామంటే, పైదాంట్లోంచి బట్టలు తీయడం మా అత్తగారికి కష్టమేమో (ఆవిడ ఐదడుగులు కూడా ఉండరు).

డ్రయ్యర్లలో వెంటెడ్ రకానికి వేడిగాలి బయటికి పోయే గొట్టం పెట్టాలి, మా యుటిలిటీకి గ్రిల్ ఉంది కాబట్టి పర్లేదు. హీట్ పంప్‌ది (వేడిగాలిని బయటికి వదలకుండా లోపలే మళ్లీ వాడుకునే రకం) కరెంట్ బాగా తక్కువ తాగుతుంది గానీ ధర చూస్తే గుండె గుభేల్‌మంటోంది. వారానికి మూడు నాలుగుసార్లు వాడితే ఆ తేడా గిట్టుబాటవుతుందా? ఇంకోటి, మాది బోరు నీళ్లు, బకెట్లకి తెల్లగా ఉప్పు కడుతుంది. నల్లాకి పెట్టే ఫిల్టర్ సరిపోతుందా, నెలకోసారి ఆ ఉప్పుని కరిగించే డీస్కేలింగ్ పౌడర్ వేయాల్సిందేనా? బాష్, ఎల్‌జీ, ఐఎఫ్‌బీ చూస్తున్నాం. వాడుతున్నవాళ్లు, ముఖ్యంగా బోరు నీళ్లతో వాడేవాళ్లు, కాస్త చెప్పండి.