ఆస్టటైన్‌ను ఇంకా హాలోజన్ అనవచ్చా?

పరీక్షనాళిక:
హాలోజన్లంటే ఎలక్ట్రాన్‌ను ఇట్టే పట్టుకునే అలోహాలు, ఆవర్తన పట్టికలో 17వ గ్రూపువి. ఆ గ్రూపులో మొదటి నాలుగింటి (ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్) మీద నాకు పేచీ లేదు. ఐదోదైన ఆస్టటైన్ మీదే ఉంది. ఘనరూపంలో అది లోహమే అవుతుందని, అయోడిన్‌లా జంట పరమాణువుల అణువులు కట్టదని 2013 నాటి సైద్ధాంతిక లెక్కలు తేల్చాయి. ఆమ్ల ద్రావణాల్లో ధన అయానుగానూ ఉంటుందంటారు. ఇంకా హాలోజన్ అనడం అలవాటు కొద్దీ తప్ప మరెందుకు?

నిలువు వరుస:
ఆ లోహపు ముద్దను చూసినవారెవరండీ? దాని ఐసోటోపుల్లో అన్నిటికన్నా ఎక్కువ సేపు నిలిచే ఆస్టటైన్-210 అర్ధాయువే (సగం పరమాణువులు క్షీణించడానికి పట్టే కాలం) 8.1 గంటలు. కంటికి ఆనేంత పోగుచేసినా తన రేడియోధార్మికత పుట్టించే వేడికే ఆవిరైపోతుంది. ఎవరూ చూడని ముద్దను సాక్ష్యానికి పిలవకండి, కొలిచినవి చూడండి. దాని ఎలక్ట్రాన్ ఎఫినిటీని, అంటే పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను పట్టుకున్నప్పుడు వెలువడే శక్తిని, 2020లో కొలిస్తే దాదాపు 2.42 ఎలక్ట్రాన్ వోల్టులు వచ్చింది. అయోడిన్‌కు 3.06. తగ్గిన మాట నిజమే, కానీ ఎలక్ట్రాన్‌ను పట్టుకునే గుణం ఎక్కడికీ పోలేదు. ఆస్టటైడ్ (ఆస్టటైన్ రుణ అయాను) ఉన్న ద్రావణంలో కాస్త అయొడైడ్ వేసి సిల్వర్ నైట్రేట్ పోస్తే, సిల్వర్ అయొడైడ్ పసుపు అవక్షేపంతో పాటు అదీ దిగిపోతుంది. లోహమైతే ఈ పని చేస్తుందా?

పరీక్షనాళిక:
ఒక్క అవక్షేపంతో వంశం నిర్ధారించేస్తారా! మరి ధన అయాను సంగతో?

నిలువు వరుస:
అయోడిన్ మోనోక్లోరైడ్‌లో అయోడిన్ ఆక్సీకరణ స్థితి +1, అంటే అదీ ధనమే. దాన్నీ వెలివేద్దామా?

ఆల్ఫా కణం:
ఈ తగవు ఔషధ పరిశోధన వైపు నుంచి చూస్తే బాగా తెలుస్తుంది. క్యాన్సర్ కణాలను ఆల్ఫా కణాలతో కొట్టడానికి ఆస్టటైన్-211ను వాడిచూస్తున్నారు, అర్ధాయువు 7.2 గంటలు. దాన్ని వాహక అణువుకు తగిలించే పద్ధతులు చాలావరకు అయోడిన్ నుంచి తెచ్చుకున్నవే, తగరంతో కూడిన కర్బన సమ్మేళనంలో తగరాన్ని తప్పించి ఆ చోట దీన్ని కూర్చోబెట్టడం వంటివి. చిక్కల్లా కార్బన్-ఆస్టటైన్ బంధం కార్బన్-అయోడిన్ బంధం కన్నా బలహీనం కావడం. ఒంట్లో తెగి విడిపోయిన ఆస్టటైన్ ఎక్కడికి చేరుతుంది? కొంత థైరాయిడ్‌కు, అచ్చం అయోడిన్ దారిలోనే. అయితే ప్లీహంలోనూ, ఊపిరితిత్తుల్లోనూ అయోడిన్ కన్నా ఎక్కువే పేరుకుంటుంది. నా లెక్కలో ఇది హాలోజనే, కాకపోతే అయోడిన్ పద్ధతులను గుడ్డిగా వాడితే దెబ్బతీస్తుంది.

పరీక్షనాళిక:
థైరాయిడ్ సంగతి బలమైనదే, ఒప్పుకుంటాను. కానీ ఇదే ఉదారత గ్రూపులో ఆస్టటైన్ కింద ఉన్న కృత్రిమ మూలకం టెనెస్సీన్‌కూ చూపిస్తారా? 2009-10లో రష్యాలోని దూబ్నాలో బెర్కీలియం మీద కాల్షియం అయాన్లను గుద్దించి పుట్టించినవి గుప్పెడు పరమాణువులు. అవీ మిల్లీసెకన్లలో పోయాయి.

నిలువు వరుస:
టెనెస్సీన్‌కు గ్రూపులో చోటు ఇస్తాను, హాలోజన్ అని మాత్రం అనను. దానితో ఒక్క రసాయన ప్రయోగమైనా జరగనివ్వండి.